వలయం గీసేటప్పుడు వదిలేసేవి

ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ శాఖల్లో చేరిన విద్యార్థికి ఎదురయ్యే తొలి అసలైన ఇంజనీరింగ్ పాఠం విద్యుత్ వలయాల సిద్ధాంతం. కిర్కాఫ్ నియమాలు రెండూ మొదటి వారంలోనే వచ్చేస్తాయి. ఒక నోడ్‌లోకి వచ్చే కరెంటు, అక్కడి నుంచి పోయే కరెంటు సమానం. ఒక లూప్ చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వస్తే ఓల్టేజిల మొత్తం సున్నా. అక్కడి నుంచి సెమిస్టర్ చివరిదాకా లెక్కల మీద లెక్కలు: మెష్, నోడల్, సూపర్‌పొజిషన్, థెవెనిన్, నార్టన్, రెజొనెన్స్.

లెక్క చేయడం రావాల్సిందే. అయితే ఈ కోర్సుకు ప్రాణం వేరే చోట ఉందని నా నమ్మకం. ఒక వస్తువులో జరిగే వాటిలో వేటిని పక్కన పెట్టవచ్చు, ఎంతవరకు పెట్టవచ్చు, ఎప్పుడు మళ్లీ లెక్కలోకి తీసుకోవాలి అన్న వివేకం ఇందులో దొరుకుతుంది. మన తరగతి గదుల్లో చాలాచోట్ల దానికి దక్కేది ఒక్క వాక్యం. మిగతా సెమిస్టరంతా ఆ వాక్యం మీదే నిలబడి ఉంటుంది.

కరెంటు పారే తీగ చుట్టూ విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం వ్యాపించి ఉంటాయి. వాటిని పూర్తిగా వర్ణించేవి మాక్స్‌వెల్ సమీకరణాలు. స్థలంలోని ప్రతి బిందువు దగ్గర, ప్రతి క్షణం ఆ క్షేత్రాల విలువ కట్టాలంటే ఒక టేబుల్ లైటుకు కూడా లెక్క తెమలదు. అందుకని వలయ సిద్ధాంతం మూడు సంగతులు ఒప్పుకొని ముందుకు సాగుతుంది. నోడ్ దగ్గర విద్యుదావేశం పోగుపడదు. భాగాల వెలుపల, లూప్ గుండా పోయే అయస్కాంత అభివాహం మారదు. వలయం ఈ కొస నుంచి ఆ కొసకు సంకేతం చేరే సమయం పట్టించుకోనక్కర్లేనంత తక్కువ. మొదటిది ఒప్పుకుంటే ఆవేశ నిత్యత్వం నుంచి కరెంటు నియమం వస్తుంది. రెండోది ఒప్పుకుంటే ఫారడే సూత్రం కుదించుకుపోయి ఓల్టేజి నియమం అవుతుంది. అంటే కిర్కాఫ్ నియమాలు కొన్ని షరతుల కింద ప్రకృతి సూత్రాలు తీసుకున్న సులభ రూపాలు. షరతు తప్పితే అవీ తప్పుతాయి.

మూడో షరతును అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. మన ఇళ్లకు వచ్చే 50 హెర్ట్జ్ విద్యుత్తుకు తరంగదైర్ఘ్యం 6000 కిలోమీటర్లు. దాని ముందు ఇంటి వైరింగ్ పొడవు ఏ పాటిది? ఆలస్యం గురించి ఆలోచించనవసరం లేదు. అదే వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు. అరచేతిలో పట్టే బోర్డు మీద కూడా తీగ ఒక కొస, మరో కొస ఒకే క్షణంలో ఒకే ఓల్టేజిలో ఉండవు. ఆ తీగను వట్టి గీతగా గీస్తే లెక్క ఎంత శుభ్రంగా చేసినా జవాబు తప్పు.

కిర్కాఫ్ ఈ నియమాలు ప్రకటించింది 1845లో. అప్పటికి ఆయన కోనిగ్స్‌బెర్గ్ విశ్వవిద్యాలయంలో 21 ఏళ్ల విద్యార్థి. మాక్స్‌వెల్ సమీకరణాలు రావడానికి ఇంకా ఇరవై ఏళ్లు ఉంది. 1857లో ఆ కిర్కాఫే మరో సంగతి తేల్చాడు: నిరోధం దాదాపు లేని తీగ వెంట విద్యుత్ సంకేతం కాంతి వేగానికి దగ్గరి వేగంతో ప్రయాణిస్తుంది. తన నియమాలు ఎక్కడిదాకా చెల్లుతాయో కొలిచే గజంబద్ద కూడా ఆయన చేతుల మీదుగానే వచ్చిందన్నమాట. పాఠ్యపుస్తకాలు మొదటి సంగతి చెప్పి రెండోది ఎందుకు వదిలేస్తాయో నాకు అంతుపట్టదు.

షరతు తప్పడం చూడటానికి గిగాహెర్ట్జ్‌ల దాకా పోనక్కర్లేదు. ఆవేశం నిండిన ఒక కెపాసిటర్, అంతే విలువున్న ఖాళీ కెపాసిటర్ తీసుకొని రెండింటినీ తీగతో కలపండి. ఆవేశం చెరిసగం అవుతుంది, ఓల్టేజి సగానికి పడుతుంది. శక్తి ఓల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఒక్కో కెపాసిటర్‌లో మిగిలేది తొలి శక్తిలో నాలుగో వంతు. రెండూ కలిపితే సగం. మరి మిగతా సగం ఏమైంది? బోర్డు మీద గీసిన బొమ్మలో నిరోధమే లేదు, వేడెక్కడానికి అక్కడ ఏమీ లేదు. ఈ ప్రశ్నతో తరగతిని ఒక గంట తన్నుకులాడనివ్వాలి. తీగకు నిరోధం ఉందనుకుంటే, అది ఎంత చిన్నదైనా సరే, పోయేది సరిగ్గా ఆ సగమే. నిరోధాన్ని మరీ తగ్గిస్తే తీగ ఇండక్టెన్స్ ముందుకొస్తుంది, స్పార్కు వస్తుంది, కొంత శక్తి తరంగాలుగా వెలుపలికి పోతుంది. మనం గీయకుండా వదిలేసినవే అక్కడ కథంతా నడిపిస్తాయి.

ఓమ్ దగ్గర ఈ వివేకం ఇంకా ముచ్చటగా కనిపిస్తుంది. కొలోన్‌లో పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ ఆయన మొదట వోల్టా ఘటాలతో ప్రయోగాలు చేశాడు. కరెంటు తీసేకొద్దీ వాటి బలం మారిపోతుండటంతో కొలతలు నిలకడగా రాలేదు. పొగెన్‌డార్ఫ్ సలహా మీద బిస్మత్, రాగి అతుకులున్న ఉష్ణయుగ్మానికి మారాడు. ఒక అతుకు మరిగే నీటిలో, మరొకటి మంచులో. ఉష్ణోగ్రతలు కదలవు కాబట్టి విద్యుత్ బలమూ కదలదు. 1826లో ఆయనకు దొరికిన సూత్రం మనం బడిలో నేర్చుకునే రూపంలో లేదు. పరీక్షించే తీగ పొడవుకు మరొక స్థిరసంఖ్యను కూడి, ఆ మొత్తంతో బలాన్ని భాగిస్తే కరెంటు వచ్చింది. ఆ అదనపు స్థిరసంఖ్య మూలంతో సహా మిగతా వలయపు నిరోధం. అంటే ఓమ్ మొదటి సూత్రంలోనే ఆదర్శ మూలం, దానితో సిరీస్‌లో అంతర్నిరోధం రెండూ ఉన్నాయి.

దాన్నే హెల్మ్‌హోల్ట్జ్ 1853లో, ఫ్రెంచి టెలిగ్రాఫ్ ఇంజనీరు థెవెనిన్ 1883లో విస్తృత సిద్ధాంతంగా చెప్పారు. రేఖీయ భాగాలతో ఎంత చిక్కుగా అల్లిన వలయమైనా, రెండు కొనల దగ్గర నిలబడి చూసేవాడికి ఒక ఓల్టేజి మూలంగా, దానితో సిరీస్‌లో ఒక నిరోధంగా కనిపిస్తుంది. ఇంట్లోని ప్లగ్ సాకెట్ కూడా అంతే. దాని వెనక ట్రాన్స్‌ఫార్మర్, స్తంభాలు, సర్వీసు వైరు, మీటరు, పక్కింటి మోటారు ఎన్నో ఉంటాయి. లైను చివరి ఇంట్లో ఏ లోడూ లేనప్పుడు 232 ఓల్టులు ఉందనుకుందాం. గీజర్ వేస్తే 8 ఆంపియర్లు తీసుకొని ఓల్టేజి 216కు పడింది. 16ను 8తో భాగిస్తే 2 ఓమ్‌లు. కంటికి కనిపించని ఆ సరఫరా వ్యవస్థ మొత్తం ఆ సాకెట్ దగ్గర ఈ రెండంకెల్లో ఇమిడిపోయింది: 232 ఓల్టులు, 2 ఓమ్‌లు.

పరీక్షలో అయితే లెక్క ఇక్కడ ఆగిపోతుంది. ఆగకూడదు. ఆ ఇంట్లో షార్ట్ సర్క్యూట్ అయితే పారగల కరెంటు 232ను 2తో భాగిస్తే 116 ఆంపియర్లు. ఆ ఇంటికి 32 ఆంపియర్ల సి రకం ఎంసీబీ బిగించి ఉంటే, అది తక్షణం పడిపోవడానికి దాని రేటింగ్‌కు అయిదు నుంచి పది రెట్లు, అంటే 160 నుంచి 320 ఆంపియర్లు కావాలి. 116 ఆంపియర్లకు అది వెంటనే పడదు. లోపలి ఉష్ణ భాగం వేడెక్కి పడేదాకా, కొన్ని సెకన్లపాటు, తీగ మాడుతూ ఉంటుంది. లైను చివరి ఇళ్లలో ఏ బ్రేకర్ పెట్టాలో నిర్ణయించేది ఆ 2 ఓమ్‌లే. థెవెనిన్ సిద్ధాంతాన్ని విద్యార్థి ఇంతదూరం తీసుకెళ్లకపోతే దాన్ని నేర్చుకున్నట్టు కాదని నా గట్టి అభిప్రాయం.

నోడల్ విశ్లేషణకూ ఇలాంటి సొంత ఉదాహరణ మన వీధిలోనే ఉంది. స్తంభాల మీద మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య సుమారు 230 ఓల్టులు, రెండు ఫేజుల మధ్య సుమారు 415 ఓల్టులు. బొమ్మలో న్యూట్రల్‌ను సున్నా ఓల్టులుగా రాసుకొని, దాన్ని మరిచిపోయి, మిగతా లెక్క చేసుకుంటాం. వాస్తవంలో అదీ ఒక తీగే, దానికీ స్తంభం మీద అతుకు ఉంటుంది, ఆ అతుకు వానకు నానుతుంది, తుప్పు పడుతుంది. అది ఊడిన రోజున వేర్వేరు ఫేజుల మీదున్న రెండు ఇళ్లు 415 ఓల్టుల మధ్య సిరీస్‌లో పడతాయి. ఒక ఇంట్లో 2000 వాట్ల గీజర్ నడుస్తోంది, దాని నిరోధం 26.5 ఓమ్‌లు. మరో ఇంట్లో 100 వాట్ల బల్బు వెలుగుతోంది, దాని నిరోధాన్ని 529 ఓమ్‌లుగా తీసుకుందాం. అప్పుడు బల్బు మీద పడేది 395 ఓల్టులు, గీజర్‌కు మిగిలేది 20 ఓల్టులు. తక్కువ వాడుకున్న ఇంటి సామానే కాలిపోతుంది. ఒక్కో ఫేజు మీద పదుల కొద్దీ ఇళ్లున్నా సమీకరణం ఇదే: తేలిపోయిన ఆ నోడ్ దగ్గర కరెంటుల మొత్తాన్ని సున్నాకు సమానం చేసి, దాని ఓల్టేజి కనుక్కోవడం. ఓల్టేజి పెరిగి వీధిలో టీవీలు, ఫ్రిజ్‌లు ఒకేసారి పోయాయన్న వార్తల వెనక ఉండే కారణాల్లో ఇదొకటి. సున్నా అనుకొని వదిలేసిన నిరోధం ఒక్క పూటలో వలయంలో అన్నిటికన్నా పెద్దదైపోతుంది.

ఏకాంతర విద్యుత్తు దగ్గర వదిలేసేది కాలాన్ని. 1893లో షికాగోలో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభలో స్టైన్‌మెట్జ్ సంకీర్ణ సంఖ్యల పద్ధతిని వివరించాడు. అవకలన సమీకరణాలతో, త్రికోణమితితో పేజీల కొద్దీ సాగే పని మామూలు బీజగణితంగా మారింది. దాని బలం మన పొలాల్లో చూడొచ్చు. 5 హార్స్‌పవర్ పంపుసెట్టు సుమారు 4.6 కిలోవాట్లు తీసుకుంటూ 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో నడుస్తుంటే లైనులో కరెంటు 8 ఆంపియర్లు. మోటారు దగ్గర 2 కేవీఏఆర్ కెపాసిటర్ బిగిస్తే పవర్ ఫ్యాక్టర్ 0.95కు చేరి కరెంటు 6.7 ఆంపియర్లకు తగ్గుతుంది. మోటారు చేసే పనిలో తేడా ఉండదు, కానీ లైనులో వేడిగా పోయేది కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక ఆ మోటారు వాటా నష్టం 30 శాతం తగ్గుతుంది. కెపాసిటర్లు పెట్టుకోమని తెలుగు రాష్ట్రాల్లో విద్యుత్ సంస్థలు రైతులకు చెబుతూ రావడానికి ఇదే లెక్క ఆధారం. అయితే ఈ పద్ధతి స్విచ్చి వేశాక అంతా కుదుటపడిన తర్వాతి స్థితికే చెల్లుతుంది. మోటారు లేచే క్షణంలో అయిదారు రెట్లు లాగే కరెంటు ఎలా ఎగసి ఎలా తగ్గుతుందో చూడాలంటే పక్కన పెట్టిన అవకలన సమీకరణాల దగ్గరికే తిరిగి రావాలి.

హద్దు తెలియకపోతే ఎంత మూల్యం చెల్లించాల్సి వస్తుందో చరిత్రలో ఒక పెద్ద సాక్ష్యం ఉంది. 1858లో అట్లాంటిక్ అడుగున ఐర్లండ్ నుంచి న్యూఫౌండ్‌లాండ్ వరకు తొలి టెలిగ్రాఫ్ కేబుల్ వేశారు. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం అవతలికి చేరడానికి సుమారు 16 గంటలు పట్టింది. అంత పొడవైన కేబుల్‌లో నిరోధం, కెపాసిటెన్స్ అడుగడుగునా పరుచుకొని ఉంటాయని, ఆలస్యం పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుందని విలియం థామ్సన్ అంతకు మూడేళ్ల ముందే చూపించాడు. కంపెనీ ఎలక్ట్రీషియన్ వైట్‌హౌస్ ఆ సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. ఓల్టేజి పెంచితే సరిపోతుందనుకొని సుమారు 2000 ఓల్టులు ఎక్కించాడు. అసలే లోపాలున్న కేబుల్ కొన్ని వారాల్లోనే మూగబోయింది.

తర్వాతి తరంలో ఆలివర్ హెవిసైడ్ ఈ సమస్యను చక్కబెట్టిన తీరు నాకు ఎంతో ఇష్టం. ఆయన లైనును చిన్న చిన్న ముక్కలుగా ఊహించాడు. ఒక్కో ముక్క తరంగదైర్ఘ్యం ముందు చాలా చిన్నది, కాబట్టి దానికి కిర్కాఫ్ నియమాలు నిక్షేపంగా చెల్లుతాయి. ఒక్కో ముక్కకు కొంత నిరోధం, కొంత ఇండక్టెన్స్, కొంత కెపాసిటెన్స్, కొంత లీకేజి ఇచ్చి, ముక్క పొడవును సున్నాకు దించితే తరంగ సమీకరణం వచ్చి నిలుస్తుంది. హద్దు ఎక్కడుందో తెలిసినవాడు పాత నియమాలను చేతబట్టుకొనే దాన్ని దాటగలిగాడు. ఇవాళ హైదరాబాద్‌లో, బెంగళూరులో హైస్పీడ్ బోర్డులు రూపొందించే ఇంజనీరుకు రోజూ ఎదురయ్యేది ఇదే. మామూలు బోర్డు మీద సంకేతం ఒక నానోసెకనులో దాదాపు 15 సెంటీమీటర్లే పోతుంది. సంకేతం లేచే సమయం నానోసెకనుకన్నా తక్కువైనప్పుడు ఆ తీగను లైనుగా చూడాలి.

సమీకరణాలు సాధించే శ్రమ మనిషి మీద నుంచి తప్పి చాలా కాలమైంది. బర్కిలీలో లారెన్స్ నాగెల్, డొనాల్డ్ పెడర్సన్ స్పైస్ ప్రోగ్రామును 1973లోనే బయటికి తెచ్చారు. వేల నోడ్లున్న వలయాన్ని ఇవాళ మామూలు ల్యాప్‌టాప్ పరిష్కరిస్తుంది. అయితే బొమ్మలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఆ ప్రోగ్రాము చెప్పదు. మన పరీక్షల్లో మాత్రం వలయాన్ని గీసి, విలువలు రాసి విద్యార్థి చేతికిస్తాం. వాడు చేయాల్సిన అసలు పని మనమే చేసేసి, యంత్రం చేయగల పని వాడికి అప్పగిస్తున్నాం.

ప్రశ్నపత్రంలో ఒక్క ప్రశ్నయినా వస్తువును వర్ణించి వలయం గీయమని అడగాలి, ఏమి వదిలేశావో, ఎందుకు వదిలేశావో రాయమనాలి. ప్రయోగశాలలో మొదటి రోజే 9 ఓల్టుల బ్యాటరీకి ఒక మెగాఓమ్ రెసిస్టర్లు రెండు సిరీస్‌లో కట్టించి, ఒకదాని మీద ఓల్టేజి కొలవమనాలి. లెక్క ప్రకారం 4.5 రావాలి. లోపల 10 మెగాఓమ్‌ల నిరోధమున్న డిజిటల్ మల్టీమీటర్ సుమారు 4.29 చూపిస్తుంది. రెసిస్టర్లు మార్చి చూస్తారు, బ్యాటరీ మార్చి చూస్తారు, తేడా పోదు. అధ్యాపకుడు తొందరపడి కారణం చెప్పకుండా ఉండగలిగితే, ఎవరో ఒకరు నోటుపుస్తకంలోని తమ బొమ్మలో మీటరును కూడా ఒక రెసిస్టర్‌గా గీసి లెక్క మళ్లీ మొదలుపెడతారు.