ఒక్క అక్షరం తప్పితే కొడవలే!

రాయపూర్‌లో తాటీబంధ్ అనగానే గుర్తొచ్చేది ఎయిమ్స్. అక్కడ తొలి ఎంబీబీఎస్ బ్యాచ్ చేరింది 2012లో. వైద్య విద్యార్థులు మొదటి ఏడాదిలోనే చదివే ఎర్ర రక్తకణం వింతలు ఇవిగో. కళ్లు పెద్దవి చేసుకుని చదవండి!

మీకు తెలుసా? మన ఒంట్లో సుమారు 30 లక్షల కోట్ల కణాలున్నాయి. వాటిలో నూటికి 80కి పైగా ఎర్రకణాలే. లెక్కన చూస్తే ఈ ఒళ్లు వాటిదే, మనం అద్దెకున్నాం!

మీకు తెలుసా? ఎర్రకణం పుట్టాక తన కేంద్రకాన్ని తానే బయటికి నెట్టేస్తుంది. ఖాళీ అయిన ఇంట్లో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు సర్దుకుంటాయి. ఔరా, ఏం సర్దుబాటు!

మీకు తెలుసా? ఒళ్లంతటికీ ఆక్సిజన్ మోసే ఈ కణం తాను మాత్రం దాన్ని వాడుకోదు. ఆక్సిజన్‌ను వాడుకునే మైటోకాండ్రియాలే దానిలో లేవు మరి! అందరికీ వడ్డించి తాను మెతుకు ముట్టని వంటవాడంటే ఇదే.

మీకు తెలుసా? ఎముక మూలుగలో సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్రకణాలు తయారవుతాయి. మీరు ఈ పేరా ముగించేసరికి కోటి దాటేశాయి!

మీకు తెలుసా? కణం వెడల్పు 7 నుంచి 8 మైక్రాన్లు. అతి సన్నని రక్తకేశనాళికలు 5 మైక్రాన్లే. అయినా ఒళ్లు మడిచి దూరిపోతుంది. అలా 120 రోజులు, ఒక్క సెలవూ లేదు!

మీకు తెలుసా? ఎర్రకణం అడుగుపెట్టని చోటూ ఒకటుంది: కంటి ముందుండే కార్నియా. దానికి కావలసిన ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం నేరుగా గాలిలోంచే అందుతుంది. కన్ను కూడా ఊపిరి పీల్చుకుంటుందన్నమాట!

మీకు తెలుసా? హిమోగ్లోబిన్ బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు. జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే, ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ వస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ మార్పే వస్తే గుండ్రటి కణం కొడవలిలా వంగుతుంది. 120 రోజుల ఆయుష్షు 10, 20 రోజులకు పడిపోతుంది. ఇదే సికిల్ సెల్, ఛత్తీస్‌గఢ్‌ను పట్టి పీడిస్తున్న జబ్బు. ఒక్క అక్షరానికి ఎంత శిక్ష!

మీకు తెలుసా? ఆ జన్యువు ఒకరి నుంచే వచ్చినవారికి సాధారణంగా జబ్బు రాదు. పైగా ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ! దోమకే దెబ్బ!

మీకు తెలుసా? సికిల్ సెల్ రోగులకు డాక్టర్లు తరచూ ఫోలిక్ ఆమ్లం రాస్తారు. త్వరగా రాలిపోయే కణాల స్థానంలో కొత్తవి పుట్టాలిగా! ప్రయోగశాలలో ఆ విటమిన్‌ను తయారుచేసిన అమెరికా బృందానికి సారథి ఎవరు? 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు! కణాల ఇంధనం ఏటీపీని 1929లో తోటి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి వెల్లడించిందీ ఆయనే. భీమవరమా, మజాకా!

మీకు తెలుసా? 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ లక్ష్యం 7 కోట్ల మందికి పరీక్షలు, 2047 నాటికి వ్యాధి నిర్మూలన. పరీక్షకు కావలసింది కాస్త రక్తమే!

చివరి ప్రశ్న. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యువు ఒక్కొక్కటి దాగి ఉంటే? ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. కాబట్టి పెళ్లి మాట ఎత్తగానే జాతకాలతో పాటు రక్తపరీక్ష రిపోర్టులూ కలిపి చూడండి. తారాబలం మాట తర్వాత, ముందు రక్తబలం!