క్లౌడ్ బిల్లు చూసి షాకయ్యారా? మీ అకౌంట్‌లో దొంగ సర్వర్లు ఉన్నాయేమో.. ముందు ఈ పని చేయండి!

తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుతున్నారా? చిత్తూరులో చిన్న స్టార్టప్ నడుపుతున్నారా? ప్రాజెక్ట్ కోసం క్లౌడ్ అకౌంట్ తెరిచి, అమ్మదో నాన్నదో కార్డు నంబర్ ఇచ్చారా? అయితే ఇది మీకోసమే. మీకు తెలియకుండా మీ అకౌంట్‌లో ఎవరైనా సర్వర్లు పెడితే బిల్లు మాత్రం మీకే వస్తుంది.

ఎలా దూరుతారు?

కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు చాలామంది యాక్సెస్ కీని కూడా అందులోనే వదిలేస్తారు. దాన్ని పట్టుకునేందుకు బాట్‌లు నిత్యం వెతుకుతూనే ఉంటాయి. కీ దొరికితే పెద్ద పెద్ద మెషీన్లు తెరిచి క్రిప్టో మైనింగ్ మొదలుపెడతారు. పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. 2018లో టెస్లా క్లౌడ్‌లో ఇలాగే మైనింగ్ జరిగింది. పాస్‌వర్డ్ లేని ఒక అడ్మిన్ కన్సోలే అందుకు దారి. హ్యాకైన 50 క్లౌడ్ మెషీన్లను గూగుల్ 2021లో పరిశీలిస్తే 86 శాతం మైనింగ్‌కే వాడినట్టు తేలింది. సగానికి పైగా కేసుల్లో 22 సెకన్లలోనే మైనింగ్ సాఫ్ట్‌వేర్ దిగిపోయింది.

ఎలా గుర్తించాలి?

మీరు ముంబై లేదా హైదరాబాద్ రీజియన్ మాత్రమే చూస్తుంటారు. దొంగ సర్వర్ బ్రెజిల్‌లోనో అమెరికాలోనో నడుస్తుంటుంది. అందుకే అన్ని రీజియన్లూ తిరగేయండి. మీరు పెట్టని మెషీన్లు, తెలియని కొత్త యూజర్లు, కొత్త కీలు కనిపిస్తే అనుమానించాల్సిందే. అమెజాన్ క్లౌడ్‌లో అయితే క్లౌడ్‌ట్రెయిల్ తెరిస్తే 90 రోజుల్లో ఎవరు ఏం చేశారో కనిపిస్తుంది. బడ్జెట్ అలర్ట్ కూడా పెట్టుకోండి. కానీ అది హెచ్చరిస్తుందంతే, ఆపదు. పైగా బిల్లు లెక్క కొన్ని గంటలు ఆలస్యంగా వస్తుంది.

వెంటనే ఏం చేయాలి?

* కంగారులో ముందే సర్వర్లు డిలీట్ చేయకండి. కీ వాళ్ల చేతిలో ఉంటే నిమిషాల్లో మళ్లీ పెట్టేస్తారు. ముందు ఆ కీని డిసేబుల్ చేయండి.
* పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల లాగిన్ పెట్టండి.
* తెలియని యూజర్లను తీసేయండి.
* లాగ్‌లు, స్క్రీన్‌షాట్లు దాచుకున్నాకే దొంగ సర్వర్లను అన్ని రీజియన్లలోనూ ఆపేయండి.
* అదే రోజు క్లౌడ్ కంపెనీ సపోర్ట్‌లో కేసు పెట్టి బిల్లు తగ్గించమని అడగండి. ఆధారాలు ఉంటే మాట చెల్లుబాటయ్యే అవకాశం ఎక్కువ.

కంపెనీ అకౌంట్ అయితే ఇంకో బాధ్యత ఉంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి చొరబాటు తెలిసిన 6 గంటల్లోపు సెర్ట్-ఇన్‌కు చెప్పాలి. కార్డు నుంచి డబ్బులు పోతే వెంటనే బ్యాంకుకు, 1930 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

ప్రాజెక్ట్ అయిపోయిందా? ఆ కీని ఈ రోజే డిలీట్ చేసేయండి.