కాకి హంసైన తీరం

వికారాబాద్ జిల్లా బొంరాస్‌పేట వైపు చాలా ఇళ్ల అరుగులకు పరిచేది తాండూరు నాపరాయే. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండ మీద నడుం వాలిస్తే ఎంత హాయిగా ఉంటుందో ఆ ఊళ్లవాళ్లకు చెప్పక్కర్లేదు. అయితే ఆ రాయికో కథ ఉంది. కొన్ని పదుల కోట్ల ఏళ్ల కిందట అది సముద్రపు అడుగు! లోతు తక్కువ నీళ్లలో పొరలు పొరలుగా పేరుకున్న సున్నపు బురదే గట్టిపడి ఇవాళ్టి నాపరాయి అయింది.

ఒకప్పుడు కాళ్ల కిందే ఉన్న సముద్రం ఇప్పుడు చాలా దూరం. బొంరాస్‌పేట నుంచి బంగాళాఖాతం చూడాలంటే వందల కిలోమీటర్లు వెళ్లాల్సిందే. సెలవులొస్తే విశాఖపట్నమో, సూర్యలంకో, కాస్త డబ్బులుంటే గోవానో వెళ్తారు. జనం మధ్య నిలబడి ఫొటోలు దిగి, మొక్కజొన్న కంకులు తిని తిరిగొస్తారు. కానీ ఈ ప్రాంతానికి అసలైన చుట్టరికం ఉన్న తీరం వేరే ఉంది. బొంరాస్‌పేట పొలాల మీద పడ్డ వాన చినుకుకి దాని దారి తెలుసు. పేరు... హంసలదీవి.

చినుకు వెళ్లే దారి

2016లో వికారాబాద్ జిల్లాలోకి వచ్చిన బొంరాస్‌పేట అంతకుముందు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. జిల్లా మారినా నీటి దారి మాత్రం మారలేదు. ఈ ప్రాంతమంతా కృష్ణా పరీవాహకమే. అనంతగిరి కొండల్లో పుట్టిన కాగ్నా తాండూరు మీదుగా కర్ణాటకలోకి వెళ్తుంది. ఒకప్పటి రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటాన్ని, అంటే నేటి మల్ఖేడ్‌ని, పలకరించి భీమలో కలుస్తుంది. భీమ మళ్లీ మనవైపే తిరిగొచ్చి నారాయణపేట జిల్లా తంగడి దగ్గర కృష్ణమ్మ ఒడికి చేరుతుంది. అదే అనంతగిరిలో పుట్టిన మూసీది ఇంకో దారి. హైదరాబాద్ నడుమ నుంచి సాగి వాడపల్లి దగ్గర అదీ కృష్ణలోనే కలుస్తుంది.

అక్కణ్నుంచి ఒకటే ప్రయాణం. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దాటాక నది వేగం తగ్గుతుంది. పులిగడ్డ దగ్గర రెండు పాయలవుతుంది. ఒక పాయ తూర్పున హంసలదీవి వైపు, రెండోది దక్షిణాన నాగాయలంక వైపు వెళ్తాయి. ఈ పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న నేలే దివిసీమ. ‘దివి’ అంటే ద్వీపమే! మూడు వైపులా నదీ సముద్రమూ కాపలా కాసే ఈ సీమ, పేరుకి తగ్గట్టే అచ్చమైన దీవి.

నది కట్టిన నేల

ఈ దీవిని ఎవరు కట్టారు? కృష్ణే! మహాబలేశ్వర్‌లో మొదలై దాదాపు 1400 కిలోమీటర్లు నడిచే నది దారిపొడవునా మట్టిని, ఇసుకని మోసుకొస్తుంది. సముద్రం ఎదురైన చోట నీటి వేగం ఆగిపోతుంది. మోత దిగిపోతుంది. అలా దిగిన మట్టిని అలలు అటూఇటూ సర్ది తిన్నెలుగా పేరుస్తాయి. వేల ఏళ్లు ఇదే పని. తాండూరు మట్టీ, మహారాష్ట్ర నల్లరేగడీ కలిసి ఇక్కడ వరి పొలాలయ్యాయి.

ఊళ్ల పేర్లలోనే ఈ చరిత్ర దాగుంది. నాగాయలంక, పాలకాయతిప్ప, ఏలిచెట్లదిబ్బ... లంక, తిప్ప, దిబ్బ అన్నీ నీటి నడుమ లేచిన ఇసుక మేటలకు తెలుగువాళ్లు పెట్టుకున్న పేర్లే. దివిసీమ దారిలో ఉన్న ఘంటసాల మరో సాక్ష్యం. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ కంటకస్సీలగా రాసుకున్న వర్తక కేంద్రం ఇదేనంటారు. బౌద్ధ స్తూపం అవశేషాలు ఇప్పటికీ ఉన్నాయి. అప్పట్లో ఓడల వ్యాపారంతో కళకళలాడిన ఆ ఊరు నేడు సముద్రానికి ఎంతో దూరంగా, పొలాల మధ్య నిలబడి ఉంది.

పాపాల నలుపు కడిగిన నీరు

హంసలదీవి పేరు వెనక ఓ కథ చెబుతారు. లోకంలోని వాళ్లంతా గంగలో మునిగి తమ పాపాలు అక్కడ వదిలేసి వెళ్తుంటే గంగమ్మకి ఆ భారం మోయలేనంత అయిందట. విష్ణుమూర్తి దగ్గర మొరపెట్టుకుంది. ‘నల్లని కాకివై తీర్థాలన్నీ తిరుగు. ఎక్కడ మునిగితే తెల్లని హంసవవుతావో అక్కడ నీ పాపం తీరినట్టు’ అన్నాడాయన. తిరిగి తిరిగి కృష్ణ సాగరంలో కలిసే ఈ చోట మునగ్గానే కాకి కాస్తా హంసైందట! ఆ నమ్మకంతోనే ఏటా మాఘ పౌర్ణమికి వేల మంది ఇక్కడికొచ్చి స్నానాలు చేస్తారు. ఊళ్లోని వేణుగోపాలస్వామి గుడిలో ఉత్సవాలూ అప్పుడే.

ఆ నాలుగు రోజులూ దాటితే మళ్లీ అదే నిశ్శబ్దం.

ఒకవైపు నది... మరోవైపు కడలి

హంసలదీవి దాటి కొద్ది కిలోమీటర్లు వెళ్తే పాలకాయతిప్ప. అక్కడ రోడ్డు ఆగిపోతుంది. ఎదురుగా సముద్రం. రంగుల గొడుగులూ, గుర్రాలూ, బజ్జీల బండ్లూ వరసకట్టే తీరం కాదిది. తీరం వెంబడి సంగమం వైపు వెళ్తే సందడి ఇంకా తగ్గుతుంది. అక్కడక్కడా ఒడ్డుకి లాగిన పడవలు, ఆరేసిన వలలు, దూరంగా సరుగుడు చెట్లు. అడుగు చప్పుడికి చటుక్కున బొరియల్లోకి దూరే ఎర్రపీతలు.

క్యాలెండర్ బొమ్మల్లో కనిపించే తెల్లటి ఇసుక కోసం వెతికితే నిరాశే. ఇది నది తెచ్చిన ఇసుక. గోధుమ రంగులో మెత్తగా ఉంటుంది. అలలు కడిగిన చోట నల్లటి చారలు కనిపిస్తాయి. బరువైన ఖనిజ రేణువుల్ని సముద్రం అలా వేరుచేసి పరుస్తుంది. నీళ్లూ అద్దంలా ఉండవు. వరదల రోజుల్లోనైతే ఎర్రగా మట్టి కలిసి వస్తాయి. ఆ ఎరుపులో మన వాగుల వాటా కూడా ఉంటుంది మరి!

సంగమం దగ్గర దృశ్యం మాత్రం మరిచిపోలేం. ఒకపక్క చడీచప్పుడూ లేకుండా వచ్చే కృష్ణ. ఇంకోపక్క నురగలు కక్కుతూ ఎగిసిపడే కడలి. రెంటి మధ్య సన్నని ఇసుక నాలుక. పోటు వేళ సముద్రం నదిలోకి తోసుకొస్తుంది. ఆటు వేళ నది ముందుకు నడుస్తుంది. రోజూ ఈ పంతం నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఇసుక నాలుక ఆకారం మారుతూ ఉంటుంది. పోయినేడాది చూసిన తీరం ఈ ఏడాది అలాగే ఉండాలని లేదు.

చీకటి పడ్డాక వచ్చే అతిథులు

ఈ తీరం ఇంతవరకూ పెద్దగా చెక్కుచెదరలేదంటే ఓ కారణం ఉంది. దీన్ని ఆనుకుని ఉన్నది కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. 1989లో ప్రకటించిన ఈ అడవి విస్తీర్ణం దాదాపు 195 చదరపు కిలోమీటర్లు. ఉప్పునీళ్లలో వేళ్లూనుకుని బతికే మడ చెట్లే ఇక్కడ అడవి. నల్లమడ, తెల్లమడ, తిల్ల... ఒక్కోటిదీ ఒక్కో తంత్రం. కొన్నింటికి ఊపిరి పీల్చే వేళ్లు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొస్తాయి. ఆ వేళ్ల మధ్యే రొయ్యలూ పీతలూ చేపలూ పిల్లలుగా పెరుగుతాయి. మడ అడవి పోతే మత్స్యకారుడి వలా ఖాళీ అవుతుందనేది అందుకే.

నీళ్లంటే భయపడే పిల్లుల్ని చూశాం. ఇక్కడున్న బావురుపిల్లి నీళ్లలోకి దిగి చేపల్ని పట్టుకుంటుంది! దేశంలో అరుదైపోతున్న ఈ జంతువుకి కృష్ణా మడ అడవులు ఓ ముఖ్యమైన ఆవాసం. పగలు కనిపించడం కష్టమే.

జనవరి నుంచి మార్చి దాకా ఇంకో అతిథి వస్తుంది. ఆలివ్ రిడ్లే తాబేలు. రాత్రివేళ ఒడ్డుకొచ్చి, వెనక కాళ్లతో ఇసుకలో గుంత తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, గుంత పూడ్చి, వెనక్కి తిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత పనంతా ఇసుకదే. దాని వెచ్చదనంతో ఏడెనిమిది వారాల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడెక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి! కుక్కలూ నక్కలూ తినకుండా అటవీ శాఖ గుడ్లను ఏరి కంచెలోపల పొదిగించి, పిల్లల్ని సముద్రంలో వదులుతుంది. రాత్రి సముద్రం మీది వెలుగుని చూసే పిల్లలు దారి పోల్చుకుంటాయి. ఒడ్డున ఎవరైనా లైట్లు వేస్తే అటు నడిచి చచ్చిపోతాయి. సాయంత్రం కాగానే సందర్శకుల్ని పంపించేయడం వెనక ఇలాంటి కారణాలూ ఉన్నాయి.

1977 నవంబరు 19

అందం గురించి చెప్పి ఆ రోజు గురించి చెప్పకపోతే దివిసీమ కథ సగమే అవుతుంది. ఆ శనివారం బంగాళాఖాతంలోంచి వచ్చిన తుపాను సముద్రాన్నే ఊళ్ల మీదికి నెట్టింది. ఉప్పెన కిలోమీటర్ల కొద్దీ లోపలికి దూసుకొచ్చింది. పదివేల మందికి పైగా చనిపోయారు. పశువులకైతే లెక్కే లేదు. సొర్లగొంది లాంటి ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. నలభై అయిదేళ్లు దాటినా దివిసీమలో వయసు పైబడినవాళ్లు ఏ సంగతి చెప్పినా ‘ఉప్పెనకు ముందు’, ‘ఉప్పెన తర్వాత’ అనే లెక్క చెబుతారు.

ఆ తర్వాత తుపాను రక్షిత భవనాలొచ్చాయి. ముందస్తు హెచ్చరికలు మెరుగయ్యాయి. మడ అడవి విలువ కూడా జనానికి తెలిసొచ్చింది. అలల జోరుని ముందుగా ఛాతీ మీద తీసుకునేది ఆ చెట్లే కదా.

ఒడ్డు వెనక్కి నడుస్తోంది

మరి ఈ తీరం ఇలాగే ఉంటుందా? అనుమానమే. కృష్ణా, దాని ఉపనదుల మీద ఒక్కో ఆనకట్ట లేచింది. భీమ మీద ఉజ్జని, కృష్ణ మీద ఆలమట్టి, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల. లక్షల ఎకరాలకు నీళ్లిచ్చినవే అన్నీ. కాదనలేం. కానీ నీళ్లతోపాటు వచ్చే మట్టీ ఇసుకా జలాశయాల అడుగున ఆగిపోతున్నాయి. వరద రోజుల్లో తప్ప ప్రకాశం బ్యారేజీ దిగువకు వచ్చే నీరే తక్కువ. సముద్రం మాత్రం తన కోత తాను కోసుకుంటూనే ఉంది. కృష్ణా డెల్టా తీరం పెరగడం మాని వెనక్కి తగ్గుతోందని అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు 2009లోనే చెప్పారు. ఎగువ నుంచి వచ్చే మట్టి తగ్గడాన్ని ప్రధాన కారణంగా చూపించారు. అంటే ఆ నేలను కట్టిన మేస్త్రీకి ఇసుక అందడం లేదన్నమాట!

ఇసుక ఆగిపోయినా ఆగకుండా వచ్చేది ఒకటుంది. ప్లాస్టిక్! తేలికైంది కాబట్టి వరదతో కొట్టుకొస్తుంది. వాగులో పారేసిన సంచీ ఏదో ఒకనాటికి నదిలో, నదిలో పడింది సముద్రంలో తేలుతుంది. దాన్ని తాబేలు జెల్లీచేప అనుకుని మింగుతుంది. గంగమ్మ తెచ్చిన నలుపుని కడిగిందంటారు కానీ, ఈ నలుపుని కడిగే శక్తి ఏ సంగమానికీ లేదు.

వెళ్లాలంటే...

వికారాబాద్ నుంచి రైల్లో హైదరాబాద్ మీదుగా విజయవాడ చేరుకోవచ్చు. అక్కణ్నుంచి అవనిగడ్డకు బస్సులున్నాయి. కృష్ణ ఒడ్డునే వెళ్లే కరకట్ట దారిలో శ్రీకాకుళం ఊళ్లో ఆంధ్రమహావిష్ణువు గుడి, ఆపైన మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడి కనిపిస్తాయి. ‘ఆముక్తమాల్యద’ రాయమని శ్రీకృష్ణదేవరాయలకు కలలో స్వామి చెప్పింది ఆ శ్రీకాకుళంలోనే. అవనిగడ్డ నుంచి కోడూరు మీదుగా హంసలదీవి వెళ్లాలి. బస చేయాలంటే అవనిగడ్డలోనే. తీరంలో హోటళ్లుండవు. తాగే నీళ్లూ తినే తిండీ వెంట తీసుకెళ్లడం మంచిది. తెచ్చిన సీసాలూ కవర్లూ మళ్లీ బ్యాగులోనే పెట్టుకుని రావాలి సుమా.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. అక్టోబరు, నవంబరుల్లో అయితే తుపాను కబురు చూసుకునే బయల్దేరాలి. ఎండాకాలం ఉక్కపోత భరించలేం. అటవీ శాఖ చెక్‌పోస్టు దగ్గర అనుమతి తీసుకుని చీకటి పడకముందే తిరిగి రావాలి.

ఇంకో ముఖ్యమైన మాట. సంగమం దగ్గర నీళ్లు చూడ్డానికి ప్రశాంతంగా ఉంటాయి. కిందుండే సుడులూ, కాలు దిగబడే బురదా పైకి కనిపించవు. చెరువులో ఈత నేర్చినవాళ్ల ధైర్యం ఇక్కడ పనికిరాదు. ‘లోపలికి దిగమాకండి’ అని మత్స్యకారులు చెబితే వినాల్సిందే. పిల్లల్ని చేయి పట్టుకునే ఒడ్డున తిప్పాలి.

తిరిగొచ్చాక తొలకరి పడ్డప్పుడు పిల్లల్ని ఊరి వాగు దగ్గరకు తీసుకెళ్లండి. ఎర్రనీళ్లు సుడులు తిరుగుతూ పోతుంటే ‘ఈ నీళ్లు యాడికి పోతయ్ తాతా?’ అని మనవడో మనవరాలో అడగక మానరు. అప్పుడు ‘ఏమో బిడ్డా’ అనక్కర్లేదు. చూసొచ్చిన ఊరి పేరు చెబితే సరిపోతుంది.