ప్రార్థనతో పాటు ఆ చదువు కూడా

ఏలీయా బదరీ వృక్షము క్రింద చావు కోరుకున్నప్పుడు దూత అతనిని గద్దించలేదు. అప్పము, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. మనమైతే నిద్రపట్టక ఏడ్చే సహోదరికి దయ్యమనో, అవిశ్వాసమనో పేరు పెడతాం. చోడవరం నుండి విశాఖ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లేసరికి ఒక్కోసారి నెలలు గడిచిపోతాయి.

డిగ్రీ అయిన మన యౌవనులకు నర్సింగో బీఎడ్డో చెబుతాం గాని ఎం.ఎస్.డబ్ల్యూ. పేరెత్తం. ఇది రెండేళ్ల చదువు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంది. తర్వాత సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో శిక్షణకు బెంగళూరు నిమ్హాన్స్ వంటి సంస్థలున్నాయి. మందు రాసేది డాక్టరు. ఇంటివారితో మాట్లాడి, మందు మాన్పించకుండా చూసి, మనిషిని తిరిగి పనిలో నిలబెట్టేది ఈ చదువు చదివినవారు. మొదట్లో జీతం తక్కువే, దాచడమెందుకు?

ఈలోగా టెలీ మానస్ ఉచిత నంబరు 14416ను మందిరపు నోటీసు బోర్డు మీద రాయించండి. తెలుగులోనే మాట్లాడవచ్చు.