ట్వీటర్ పోయిందా? కొత్తది కొనే ముందు లెవెల్ కంట్రోల్ చూడండి

సెకండ్ హ్యాండ్‌లో ఒక వింటేజ్ స్పీకర్ల జత దొరికింది. కనెక్ట్ చేస్తే బేస్ అదిరిపోతోంది కానీ, ఒకదాంట్లో హై ఫ్రీక్వెన్సీలు అసలు రావట్లేదు. చాలామంది వెంటనే ‘ట్వీటర్ పోయింది’ అని డిసైడ్ అయిపోతారు. ఆగండి. ట్వీటర్‌కి ముందు ఇంకో అనుమానితుడు ఉన్నాడు: లెవెల్ కంట్రోల్.

ఈ నాబ్ ఎందుకు ఉండేది?

60లు, 70ల నాటి చాలా హైఫై స్పీకర్లకు మిడ్‌రేంజ్‌కి ఒకటి, ట్వీటర్‌కి ఒకటి చొప్పున లెవెల్ కంట్రోల్స్ ఉండేవి. కర్టెన్లు, కార్పెట్లు ఎక్కువున్న గది హై ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది, ఖాళీ గోడల గది తిప్పికొడుతుంది. ఇవాళ ఫోన్‌లో ఈక్వలైజర్ చేసే సర్దుబాటునే అప్పట్లో ఈ నాబ్‌తో చేసేవారు. అమెరికన్ కంపెనీ అకౌస్టిక్ రీసెర్చ్ 1967లో తెచ్చిన ఏఆర్-3ఏలో ఇవి క్యాబినెట్ వెనక ఉంటాయి. జేబీఎల్ ఎల్100లో ముందు ఫోమ్ గ్రిల్ తీస్తే కనిపిస్తాయి.

వీటిలో చాలావరకు వైర్‌వౌండ్ రకమే. చుట్టిన వైర్ మీద ఒక లోహపు వైపర్ జారుతుంది. ఏళ్ల తరబడి ఎవరూ తిప్పకపోతే ఆ రెండింటి మధ్య చిలుము పడుతుంది. కాంటాక్ట్ పోతే సౌండూ పోతుంది.

ఇలా చెక్ చేయండి

మా బాబాయ్ గల్ఫ్‌లో ఉన్నప్పుడు కొనుక్కున్న జతకి సరిగ్గా ఇదే జరిగింది. ఆయన పాత ట్వీటర్ కోసం అడ్వాన్స్ కూడా ఇవ్వబోతున్నారు. నేను తక్కువ వాల్యూమ్‌లో పాట పెట్టి, నాబ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకి పది సార్లు తిప్పాను. కరకరమంది, ఒక చోట తాళాల సౌండ్ మెరుపులా వచ్చి మళ్లీ మాయమైంది. అంటే ట్వీటర్ బతికే ఉంది!

ఖాయం చేసుకోవాలంటే యాంప్ ఆఫ్ చేసి, ట్వీటర్ వైర్ ఒకటి విడదీసి మల్టీమీటర్ పెట్టండి. కొన్ని ఓమ్‌లు చూపిస్తే కాయిల్ బాగున్నట్టే. ఓపెన్ చూపిస్తేనే తెగినట్టు.

క్లీనింగా, రీప్లేస్‌మెంటా?

లోపలి వైర్ తెగకపోతే కాంటాక్ట్ క్లీనర్, మెత్తటి బ్రష్‌తో చాలాసార్లు పనైపోతుంది. వైర్ తెగినా, వైపర్ అరిగిపోయినా మార్చాల్సిందే. బాబాయ్ స్పీకర్‌లో వైపర్ సగం తినేసి ఉంది కాబట్టి నేను 8 ఓమ్ ఎల్-ప్యాడ్ వేశాను.

ఎల్-ప్యాడ్‌లో ఒకే షాఫ్ట్ మీద రెండు రెసిస్టర్లు ఉంటాయి. ఒకటి సిరీస్‌లో, ఇంకోటి డ్రైవర్‌కి ప్యారలల్‌లో. అందుకే 8 ఓమ్ డ్రైవర్‌తో నాబ్ ఎటు తిప్పినా క్రాసోవర్‌కి కనిపించే లోడ్ దాదాపు మారదు. సాధారణంగా 1 కామన్ నెగటివ్, 2 డ్రైవర్‌కి వెళ్లేది, 3 క్రాసోవర్ నుంచి వచ్చేది. పాత కంట్రోల్ నంబర్లు ఇలాగే ఉంటాయన్న గ్యారంటీ లేదు. వైర్లు విప్పే ముందు ఫోటో తీసి, ప్రతి వైర్‌కీ లేబుల్ అంటించండి.

ఏఆర్-3ఏ లాంటి వాటిలో కథ వేరు. అక్కడ ఒరిజినల్ 16 ఓమ్ కంట్రోల్ ఎప్పుడూ సర్క్యూట్‌లో ప్యారలల్‌గా ఉంటుంది. ఎల్-ప్యాడ్ వేస్తే పనిచేస్తుంది కానీ క్రాసోవర్ చూసే లోడ్ కొంచెం మారుతుంది. ఒరిజినల్ సౌండ్ ముఖ్యం అనుకుంటే మూడు టెర్మినల్స్ ఉన్న 15 లేదా 16 ఓమ్‌ల వైర్‌వౌండ్ రియోస్టాట్ వెతకండి.

రేడియో షాపులో దొరికే 10కే వాల్యూమ్ కంట్రోల్ మాత్రం పెట్టొద్దు. దాని ఓమ్‌లు మరీ ఎక్కువ, స్పీకర్ పవర్‌ని తట్టుకోలేదు.

ఈ రెండూ మర్చిపోవద్దు

పాత క్యాబినెట్లలో గ్లాస్ ఫైబర్ ఉండొచ్చు, గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి. సీల్డ్ బాక్స్ అయితే ఊఫర్ తిరిగి బిగించేటప్పుడు చుట్టూ గ్యాస్కెట్ లేదా సీలింగ్ పుట్టీ సరిగ్గా పడాలి. లోపలి గాలే ఊఫర్‌కి స్ప్రింగ్, లీక్ ఉంటే బేస్ పాడవుతుంది.

మా వెర్డిక్ట్: ‘ట్వీటర్ పనిచేయదు’ అని తక్కువ ధరకి అమ్ముతున్న జత కనిపిస్తే, బేరమాడే ముందు నాబ్ తిప్పి చూడండి. ఏ స్పీకర్‌నైనా పారేసే ముందు కూడా అంతే.