కెర్నెల్‌కూ కావాలి ‘నో డ్యూస్’

హాస్టల్ గది ఖాళీ చేసేనాటి తిప్పలు మనకెవరికి తెలియవు? లైబ్రరీ పుస్తకం, మెస్ బాకీ, లాబ్ సామాను అన్నీ అప్పజెప్పి ‘నో డ్యూస్’ కాగితం మీద సంతకాలు పెట్టించుకుంటే తప్ప టి.సి. చేతికి రాదు. ఆ కాగితం విలువ నాకు బోధపడింది మాత్రం ఆఫీసు కిటికీ దగ్గర కాదు, లైనక్స్ దగ్గర!

1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్, నిజానికి ఒక కెర్నెల్. మెమరీని, ప్రాసెసర్‌ను, పరికరాలను అందరికీ పంచిపెట్టే ఇంటిపెద్ద అన్నమాట. దానికి కొత్త విద్య నేర్పాలంటే మొత్తం తిరగరాయనక్కర్లేదు. కంప్యూటర్ నడుస్తూండగానే ఓ ముక్క తగిలించవచ్చు. అదే మాడ్యూల్.

సి భాషలో రాసే ఈ మాడ్యూల్‌కు ‘మెయిన్’ ఉండదు. వచ్చేటప్పుడు పనిచేసే ఇనిట్, పోయేటప్పుడు పనిచేసే ఎగ్జిట్ అని రెండు ఫంక్షన్లు, లైసెన్సు తెలిపే ఒక వాక్యం ఉంటే చాలు. నడుస్తున్న కెర్నెల్‌కు సరిపడే హెడర్ ఫైళ్లు ఉంచుకుని, చిన్న మేక్‌ఫైల్ రాసి ‘మేక్’ అంటే ‘కె.ఓ.’ ఫైలు తయారౌతుంది. వేరే వెర్షన్‌కు కట్టినదైతే కెర్నెల్ సాధారణంగా గుమ్మంలోనే ఆపేస్తుంది.

ఇక ‘ఇన్స్‌మాడ్’ అంటే మాడ్యూల్ లోపలికి వెళ్తుంది. ఇనిట్ సున్నా తిరిగిస్తే ప్రవేశం దొరికినట్టే. ‘ఎల్ఎస్‌మాడ్’ హాజరుపట్టీ చూపిస్తుంది. ‘డిమెసేజ్’లో కెర్నెల్ పలికిన మాటలు కనిపిస్తాయి. ‘ఆర్ఎంమాడ్’ అంటే సెలవు. ఎవరైనా ఆ మాడ్యూల్‌ను వాడుకుంటూంటే మాత్రం కెర్నెల్ పోనివ్వదు.

నా మొదటి మాడ్యూల్ అయిదు సెకన్లకోసారి పలకరించే టైమర్. పలకరించింది కూడా! నా సంబరం ఇంతా అంతా కాదు. గర్వంగా ‘ఆర్ఎంమాడ్’ కొట్టాను. అయిదు సెకన్లు గడిచాయో లేదో, లాబ్ మెషీన్ మొత్తం బిగుసుకుపోయింది.

ఎగ్జిట్‌లో టైమర్‌ను ఆపడం మరిచాను. మాడ్యూల్ ఉన్న మెమరీని కెర్నెల్ ఖాళీ చేసేసింది. టైమర్ దగ్గర మాత్రం ఆ పాత చిరునామా ఉండిపోయింది. వేళకు అక్కడికెళ్తే ఇల్లే లేదు! మామూలు ప్రోగ్రాం తప్పు చేస్తే అదొక్కటే చస్తుంది. మాడ్యూల్ కెర్నెల్‌లో భాగం కనుక దాని తప్పుకు అందరూ బలే.

అదే మెషీన్‌లో నా రూమ్మేట్ ప్రాజెక్టు రిపోర్టు టైపు చేస్తున్నాడు. రెండు గంటల పని, సేవ్ చేయలేదు.

“ఏరా, ఏం చేశావురా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి వాడు చెబుతూంటే నేనే టైపు చేశాను.

అప్పట్నుంచీ ఇనిట్‌లో ఏది తీసుకున్నా, ఎగ్జిట్‌లో దాన్ని తిరిగిచ్చే వరసను ముందే రాసుకుంటున్నాను. చివర తీసుకున్నది మొదట ఇచ్చేయాలి. ప్రయోగాలన్నీ వర్చువల్ మెషీన్‌లోనే. మిత్రులారా, మీరూ తప్పక రాసి చూడండి. లోపలికి వెళ్లడం ఎవరైనా నేర్పుతారు. బాకీ లేకుండా బయటికి రావడం మాత్రం మనమే నేర్చుకోవాలి.