టీ షాపుల కంప్యూటరు

అమ్మలూ, వ్యాపారం లెక్కల కోసం ప్రపంచంలో మొట్టమొదట సొంతంగా కంప్యూటరు కట్టించుకున్నది ఎవరనుకుంటున్నావు? బ్యాంకూ కాదు, మిలిటరీ అంతకన్నా కాదు. టీ, కేకులు అమ్ముకునే కంపెనీ!

బ్రిటన్‌లో జె. లయన్స్ అని ఉండేది. ఊరూరా టీ షాపులు, లండన్‌లో కాడ్బీ హాల్‌లో పెద్ద బేకరీ. 1947లో ఆ కంపెనీ మనుషులిద్దరు ఆఫీసు పద్ధతులు చూసి రావడానికి అమెరికా వెళ్తే, తమ దేశంలో కేంబ్రిడ్జిలోనే కంప్యూటరు కడుతున్నారని అక్కడ తెలిసింది. లయన్స్ వాళ్ళు కేంబ్రిడ్జికి కొంత డబ్బిచ్చి, ఒక మనిషిని కూడా సాయం పంపారు. అక్కడి కంప్యూటరు ఎడ్సాక్ 1949లో నడిచాక, అదే నమూనాలో తమది తాము కట్టుకున్నారు. పేరు లియో. 1951 నవంబరు నుంచి బేకరీ సరుకుకి విలువ కట్టే లెక్క దాని మీదే.

దాని జ్ఞాపకశక్తి సంగతి చెప్పాలి. నూతిలోకి కేకేస్తే తిరిగొస్తుంది కదా? వచ్చిన కేకనే వెంటనే మళ్ళీ వేస్తూ పోతే ఆ మాట నూతిలోనే ఉండిపోతుంది. లియోలో నుయ్యి బదులు పాదరసం నింపిన గొట్టాలు. ఒక కొసన అంకెల్ని శబ్దతరంగాలుగా వదిలి, రెండో కొసన పట్టుకుని, బలమిచ్చి మళ్ళీ మొదటి కొసకి పంపేవాళ్ళు. అలా నిలిచేవి రెండువేల చిల్లర అంకెలు, అంతే. అంత కొద్ది చోటులో అంత పెద్ద కంపెనీ పని ఇమిడిందంటే ఆ గొప్ప డేవిడ్ కామినర్ లాంటివాళ్ళది. పని ఎలా జరుగుతోందో కాగితం కాగితం చూసి, ఆ తర్వాతే ప్రోగ్రాము రాయించేవాడాయన.

టీ షాపుల ఆర్డర్లనే తీసుకో. రేపటికి ఎన్ని బన్నులు కావాలో, ఎన్ని కేకులు కావాలో ప్రతి షాపు మేనేజరమ్మా రోజూ పొడుగాటి పట్టీ నింపాల్సివచ్చేది. ఆ పట్టీనే యథాతథంగా కంప్యూటరుకి ఎక్కిస్తే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. లియో వాళ్ళు పట్టీల్ని పరిశీలించారు. సోమవారం ఆర్డరు వచ్చే సోమవారానికి పెద్దగా మారదు. అందుకని వారంలో ఏ రోజు మామూలు ఆర్డరు ఆ రోజుకి ముందే మెషీనుకి ఇచ్చేశారు. రోజూ ఒక వేళకి షాపుకి ఫోను వెళ్ళేది. మేనేజరమ్మ మార్పులు మాత్రం చెప్పేది. ఇవతల అమ్మాయి వింటూనే కార్డులో రంధ్రాలు పొడిచేది. 1954లో మొదలైన పని ఇది. నాకు ఆ కంప్యూటరు కన్నా ఈ ఆలోచనే గొప్పగా కనిపిస్తుంది.

జీతాల పట్టీ ఇంకో కథ. అనుభవమున్న గుమాస్తాకి మనిషికి 8 నిమిషాలు పట్టే లెక్కని లియో ఒకటిన్నర సెకనులో తేల్చేది. అయినా తొందరపడలేదు. గుమాస్తాల లెక్కతో పక్కపక్కన పెట్టి పోల్చుకున్నాకే జీతాలు దానికి అప్పజెప్పారు. జీతం తప్పితే ఇబ్బంది పడేది ఒక కుటుంబం కదమ్మా.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, వ్యాపారులకి సాఫ్ట్‌వేరు రాయించడంలో సలహాలిస్తూ నేను చాలా ఆఫీసులు చూశాను. యజమాని గదిలో విన్న పని ఒకటి, కౌంటరు దగ్గర జరిగే పని ఇంకొకటి. అరువు ఖాతా పక్కన పెన్సిలు గీత, పండగ సరుకుకి వేరే రేటు, పాత ఖాతాదారుకి ఇచ్చే వారం గడువు: ఇవేవీ కాంట్రాక్టు కాగితంలో ఉండవు. సాఫ్ట్‌వేరు ఆగిపోయేది మాత్రం సరిగ్గా వీటి దగ్గరే. నెలలు పోసి రాసిన ప్రోగ్రాము పక్కనపడి, గుమాస్తా మళ్ళీ తన పుస్తకం తెరవడం ఎంత బాధో చూసినవాళ్ళకే తెలుస్తుంది.

నువ్వు కొత్త కస్టమరు దగ్గరికి వెళ్తున్నావు కదా. పెద్దలతో మీటింగు అయ్యాక, బిల్లులు రాసే మనిషి పక్కన కుర్చీ వేసుకుని ఒక రోజంతా కూర్చో. ఆ పెన్సిలు గీతలు దేనికో ఆయన్నే అడుగు.